నర్సులకు బడి పెట్టిన పాస్టరు – థియోడోర్ ఫ్లీడ్‌నర్

మన హాస్టల్లో చదివి వెళ్ళిన అక్కల్లో కొందరు నర్సులుగా పనిచేస్తున్నారు. వాళ్ళు జీఎన్‌ఎంలో చేరతామన్నప్పుడు ఇంట్లో ఎంత గొడవ జరిగిందో చెబుతుంటే విన్నాం. ఊరివాళ్ళ మలమూత్రాలు ఎత్తే పని మన పిల్లకెందుకన్నది పెద్దల మాట. 1836లో జర్మనీలో ఒక పాస్టరుకు కూడా ఇదే మాట అడ్డొచ్చింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మనందరం పాఠాల్లో చదువుకున్నాం. ఆమె వెళ్ళి నేర్చుకున్న చోటును పెట్టిన ఫ్లీడ్‌నర్ పేరు మాత్రం మన పాఠాల్లో కనిపించదు.

థియోడోర్ ఫ్లీడ్‌నర్ 1800 జనవరి 21న ఎప్‌స్టైన్ అనే చిన్న ఊళ్ళో జన్మించారు. తండ్రి కూడా పాస్టరే. 1813లో తండ్రి చనిపోయేనాటికి ఈయనకు 13 ఏళ్ళు. ఇంటి నిండా పిల్లలు, సంపాదించేవాళ్ళు లేరు. నలుగురి సాయంతో, ట్యూషన్లు చెప్పుకుంటూ చదువు పూర్తి చేశారు. ఆ కష్టం ఎలాంటిదో మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

1822లో రైన్ నది ఒడ్డున ఉన్న కైజర్స్‌వెర్త్‌కు పాస్టరుగా వచ్చారు. ఊరంతా క్యాథలిక్కులు, ఈయన సంఘం చాలా చిన్నది. ఆ సంఘానికి ఆధారమైన బట్టల మిల్లు కాస్తా ఈయన వచ్చిన కొద్ది రోజులకే దివాలా తీసింది. వేరే చోటికి పోవచ్చు గానీ పోలేదు. చందాల కోసం హాలండ్, ఇంగ్లండ్ తిరిగారు. చందాలే కాదు, కొత్త ఆలోచనలు కూడా తెచ్చుకున్నారు. ఇంగ్లండులో ఎలిజబెత్ ఫ్రై ఆడ ఖైదీల కోసం చేస్తున్న పని గురించి తెలుసుకున్నారు. హాలండులో చర్చి తరఫున బీదలను చూసుకునే స్త్రీలను చూశారు. తిరిగొచ్చి డ్యూసెల్డార్ఫ్ జైలుకు వెళ్ళడం మొదలుపెట్టి, 1826లో ఖైదీల కోసం ఒక సంఘం స్థాపించారు. 1833లో జైలు నుంచి విడుదలై దిక్కులేక వచ్చిన ఒక స్త్రీకి తన తోటలోని చిన్న గదిలో చోటిచ్చారు. ఆమె నిచ్చెన వేసుకుని పైకెక్కి అటక మీద పడుకునేది.

ఆ కాలంలో డబ్బున్నవాళ్ళు ఇంట్లోనే వైద్యం చేయించుకునేవారు. ఆసుపత్రి బీదలకే. అక్కడ రోగులను చూసుకునే పనికి మరే పనీ దొరకనివాళ్ళు వచ్చేవారు. ఆ పని నేర్పాలన్న ఆలోచన చాలామందికి లేదు. నేర్పితే వస్తుందని ఫ్లీడ్‌నర్ నమ్మారు. చేతిలో డబ్బు లేకుండానే ఊళ్ళో ఒక పెద్ద ఇల్లు బేరమాడి, 1836 అక్టోబరు 13న ఆసుపత్రి తెరిచారు. పాత మంచాలు, విరిగిన కుర్చీలు, కొద్దిపాటి దుప్పట్లు, అంతే. మొదటి రోగి ఒక క్యాథలిక్ పనిమనిషి. మొదట చేరిన సిస్టర్ గెర్‌ట్రూడ్ రైఖార్ట్ డాక్టరు గారి కూతురు, అప్పటికే 48 ఏళ్ళు. ఇలా చేరినవాళ్ళను డీకనెస్‌లు అనేవారు.

శిక్షణ వార్డులోనే జరిగేది. వంట, బట్టలు ఉతకడం, రోగి పక్క మార్చడం అన్నీ నేర్చుకోవాలి. జబ్బుల గురించి డాక్టరు చెప్పేవారు. పాస్టరు గారి పాఠం వేరు. రోగి పట్ల, దేవుని పట్ల, తోటి సిస్టర్ల పట్ల ఎలా నడుచుకున్నామో ఎవరికి వారే పరీక్షించుకునేందుకు ఆయన ప్రశ్నలు రాసిచ్చారు. యూనిఫాం నీలం గౌను, తెల్ల టోపీ. ఆ రోజుల్లో అలాంటి టోపీ పెళ్ళయిన గౌరవస్తురాలి గుర్తు. అది పెట్టుకుంటే పెళ్ళికాని బీదింటి పిల్ల కూడా వీధిలో ఒంటరిగా, తలెత్తుకుని నడవగలిగేది. నాకైతే ఆయన ఆలోచనల్లో ఇదే ఎక్కువ నచ్చింది.

నచ్చనివీ ఉన్నాయి. జీతం లేదు. తిండి, బట్ట, కొద్దిపాటి చేతిఖర్చు ఇచ్చేవారు. ముసలితనంలో సంస్థే చూసుకునేది. పెద్దల మాటకు ఎదురుచెప్పడం ఉండేది కాదు. ఆ అలవాటు నర్సింగ్ వృత్తిని చాలా కాలం వదల్లేదు.

ఇంకో మాట. ఈ పనిలో సగం ఆయన భార్య ఫ్రీడెరికేది. సిస్టర్ల బాగోగులు, ఇంటి నిర్వహణ ఆమే చూసింది. కన్నపిల్లల్లో పలువురిని పోగొట్టుకుని, 1842లో కాన్పులో చనిపోయింది. మరుసటి ఏడు ఆయన కరోలీన్ బెర్తోను పెళ్ళాడారు. ఆమె అప్పటికే హాంబర్గ్ ఆసుపత్రిలో పనిచేసిన అనుభవం గల మనిషి.

నైటింగేల్ 1850లో కొద్ది రోజులు, 1851లో సుమారు మూడు నెలలు కైజర్స్‌వెర్త్‌లో ఉన్నారు. అక్కడ నర్సింగ్ ఏమీ లేదనీ, శుభ్రత ఘోరమనీ ముసలితనంలో ఆమె మొహమాటం లేకుండా రాశారు. కానీ అంతటి అంకితభావం తాను ఇంకెక్కడా చూడలేదని కూడా రాశారు. అక్కడున్నవాళ్ళలో ఎక్కువమంది రైతుల ఇళ్ళ నుంచి వచ్చిన ఆడపిల్లలే.

ఫ్లీడ్‌నర్ 1849లో నలుగురు సిస్టర్లను వెంటబెట్టుకుని అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు, 1851లో జెరూసలేముకు వెళ్ళారు. ఆ ప్రయాణాలతో అసలే బలహీనమైన ఆరోగ్యం ఇంకా చెడింది. 1864 అక్టోబరు 4న కైజర్స్‌వెర్త్‌లోనే మరణించారు. అప్పటికి ఈ పద్ధతిలో నడిచే సంస్థలు 30కి పైగా, సిస్టర్లు సుమారు 1600 మంది. ఆ తర్వాత 1883 వరకు కరోలీన్ గారే ఆ బాధ్యత మోశారు.

ఇప్పుడు కైజర్స్‌వెర్త్‌లో ఒక పెద్ద ఆసుపత్రి ఉంది. దానికి పెట్టింది ఫ్లీడ్‌నర్ పేరు కాదు, మూడు నెలలు ఉండి వెళ్ళిన ఆ ఇంగ్లండు విద్యార్థిని పేరు.