నాదనేత్రుడు ద్వారం వేంకటస్వామి నాయుడు

విజయనగర సంస్థానంలో 1919వ సంవత్సరంలో విజయరామ గానపాఠశాల వెలసింది. ఆస్థానోద్యోగి ఒకరి అంధకుమారునికి సంగీతం నేర్పించాలన్న తలంపే దాని స్థాపనకు మూలమని చెబుతారు. హరికథాపితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ఆ పాఠశాలలో విద్యార్థిగా చేరగోరి విశాఖపట్టణం నుండి ఒక యువకుడు వచ్చాడు. అతని వాయులీన వాదనం విన్న పెద్దలు అతనిని ఆచార్యునిగానే నియమించారు. ఆయనే ద్వారం వేంకటస్వామి నాయుడు.

నాయుడుగారు 1893 నవంబరు 8న, దీపావళినాడు, బెంగళూరులో జన్మించారు, పెరిగింది విశాఖపట్టణంలో. బాల్యంలోనే చూపు మందగించడంతో బడిచదువు సాగలేదు. అన్నగారైన వేంకటకృష్ణయ్య చేతికి ఫిడేలు ఇచ్చి, తొలి గురువయ్యారు.

చూపు తగ్గినవారికి చెవి దానంతట అదే పదునెక్కుతుందని లోకులు భావిస్తారు. అది సగమే నిజం. వీణకు ఇరవైనాలుగు మెట్లు ఉంటాయి. వాయులీనానికి ఒక్కటీ లేదు. వ్రేలు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. ఆ తేడాను కన్ను పట్టలేదు. తంత్రిపై వ్రేలు ఎక్కడ ఆనినదో స్పర్శ తెలుపుతుంది, పలికిన నాదం ఎట్టిదో చెవి తెలుపుతుంది. మెదడు ఈ రెండు వార్తలను జోడించి, రావలసిన స్వరంతో పోల్చి, మరుక్షణమే వ్రేలిని సవరిస్తుంది. ఈ పొందిక ఏండ్ల తరబడి సాధన చేస్తేనే కుదురుతుంది. తంత్రీవాద్యకారుల మెదడులో ఎడమచేతి వ్రేళ్లకు చెందిన భాగం ఇతరులకంటె విశాలమనీ, చిన్ననాడే సాధన ప్రారంభించినవారిలో అది మరింత స్పష్టమనీ 1995లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. నాయుడుగారు కన్నులు మూసుకొని వాయించేవారు. ఆ వాదనంలో ఆయన చూపుకు పని లేదు.

పక్కవాద్యంగా ఉండిన వాయులీనాన్ని ఆయన ప్రధాన కచేరీ వాద్యంగా నిలిపారు. పాశ్చాత్య సంగీతాన్ని కూడా శ్రద్ధతో ఆలకించి, కమాను నడకను తీర్చుకున్నారు. 1936లో నారాయణదాసుగారి తరువాత కళాశాల అధ్యక్షులయ్యారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ 'సంగీత కళానిధి' బిరుదం, 1957లో పద్మశ్రీ లభించాయి. ప్రపంచప్రసిద్ధ వాయులీన విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ 1952లో మద్రాసులో ఆయన వాదనం విని ముగ్ధుడయ్యాడు.

1964 నవంబరు 25న నాయుడుగారు కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1993లో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా తపాలాబిళ్ల వెలువరించింది.