సూరత్ డాక్టరమ్మ రఖ్మాబాయి

మీ ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడిగి చూడండి. వాళ్ల అమ్మమ్మల కాలంలో పురుడు ఎక్కడ పోసేవారు? చాలామంది ఇంట్లోనే అంటారు. గాలీ వెలుతురూ అంతగా రాని ఒక గది, ఒక మంత్రసాని, కొన్ని పాత గుడ్డలు. కాన్పు తేలికగానే జరిగినా, నాలుగైదు రోజులకు జ్వరం వచ్చి కన్నుమూసిన బాలింత కథ కూడా చెబుతారేమో వినండి. అటువంటి తల్లుల కోసం గుజరాత్‌లోని సూరత్ నగరంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన ఒక డాక్టరు జీవితాన్ని ఈ పాఠంలో చదువుతారు. ఆమె పేరు రఖ్మాబాయి.

రఖ్మాబాయి 1864 నవంబరు 22న బొంబాయిలో జన్మించారు. అప్పటికి తల్లి జయంతీబాయి వయస్సు 15 ఏళ్లు. 17 ఏళ్లకే ఆమె భర్తను పోగొట్టుకున్నారు. కొన్నేళ్ల తరువాత డాక్టర్ సఖారాం అర్జున్‌ను పెళ్లి చేసుకున్నారు. వారి కులంలో వితంతు వివాహానికి అడ్డు లేదు. అడ్డు ఉన్నచోట అది ఎంత పోరాటమో మనకు తెలుసు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో.

సఖారాం అర్జున్ వైద్యుడే కాదు, వృక్షశాస్త్రం కూడా చదివినవాడు. బొంబాయి బజారులో దొరికే మందు దినుసుల పట్టికను 1879లో పుస్తకంగా అచ్చువేయించాడు. నాటు మందు అని తీసిపారేయకుండా, పెద్దలు చెప్పారని కళ్లు మూసుకొని నమ్మకుండా, మొక్కలను పరిశీలించి రాసిపెట్టినవాడు. ఇటువంటి పరిశీలన వల్ల ఏం లాభమో ఒక ఉదాహరణ చూడండి. మన పొలాల గట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో లీవోడోపా అనే పదార్థం ఉందని 1937లో మద్రాసు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. చేతులు వణికే పార్కిన్‌సన్స్ అనే నరాల జబ్బుకు తరువాత ముఖ్యమైన మందు అయింది ఆ పదార్థమే. అలాగని గింజలు దంచుకొని తినకండి. మోతాదు తప్పితే ప్రమాదం.

మళ్లీ రఖ్మాబాయి దగ్గరికి వద్దాం. 11 ఏళ్ల వయస్సులో ఆమెకు 19 ఏళ్ల దాదాజీ భికాజీతో పెళ్లి చేశారు. ఆమె పెద్దమనిషి కాగానే కార్యం జరగాలని అందరూ ఎదురుచూశారు. సఖారాం అర్జున్ ఒప్పుకోలేదు. అంత చిన్న పిల్ల తల్లి అయితే ఏమవుతుందో వైద్యుడిగా ఆయనకు తెలుసు. రఖ్మాబాయి పుట్టింట్లోనే ఉండి పుస్తకాలు చదువుకున్నారు. భర్త చదువు మానేసి మేనమామ ఇంట్లో కాలం గడిపాడు.

1884లో దాదాజీ భార్యను కాపురానికి పంపమని దావాకు దిగాడు. రఖ్మాబాయి వెళ్లనన్నారు. తనకు ఊహ తెలియని వయస్సులో, తన సమ్మతి లేకుండా జరిగిన పెళ్లికి తానెందుకు కట్టుబడాలన్నది ఆమె వాదన. 1885లో సఖారాం అర్జున్ మరణించాడు. అదే సంవత్సరం జడ్జి ఆమెకు అనుకూలంగా తీర్పు చెప్పాడు. దాదాజీ అప్పీలు చేశాడు. చివరకు 1887 మార్చి 4న ఇంకొక జడ్జి కాపురానికి వెళ్లాలని, లేకపోతే ఆరు నెలలు జైలులో ఉండాలని ఉత్తరువు ఇచ్చాడు.

ఇక్కడ కాసేపు ఆగండి. ఆమె స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?

రఖ్మాబాయి జైలుకే సిద్ధమన్నారు. దేశమంతా రెండుగా చీలిపోయింది. తిలక్ వంటి పెద్ద నాయకుడు తన పత్రికలో ఆమెను విమర్శించాడు. ఇంగ్లండులో ఆమెకు మద్దతుగా సభలు, ఉత్తరాలు. 1888లో దాదాజీ 2000 రూపాయలు తీసుకొని దావా వదులుకున్నాడు. ఆమె జైలుకు వెళ్లనక్కరలేకపోయింది. అయితే కాపురానికి రమ్మని కోర్టు ద్వారా బలవంతపెట్టవచ్చా అన్న తగవు అక్కడితో తీరలేదు. దాదాపు నూరేళ్ల తరువాత, 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అటువంటి సెక్షను చెల్లదని తీర్పు చెప్పింది. 1984లో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయంతో ఏకీభవించలేదు.

కోర్టు గొడవ ముగిశాక 1889లో రఖ్మాబాయి లండన్ వెళ్లి స్త్రీల వైద్య కళాశాలలో చేరారు. బొంబాయి కామా ఆసుపత్రి డాక్టరు ఎడిత్ పీచీ ప్రోత్సాహం ఇందుకు తోడ్పడింది. 1894లో చదువు పూర్తయింది. 1895లో సూరత్‌లోని స్త్రీల ఆసుపత్రిలో బాధ్యత తీసుకున్నారు.

ఆసుపత్రి ఉంది, డాక్టరమ్మ ఉంది. వచ్చేవాళ్లేరీ? ఘోషా పాటించే స్త్రీలు మగ డాక్టరుకు చూపించుకోరు. అందుకే ఆ రోజుల్లో స్త్రీల ఆసుపత్రులు వేరుగా పెట్టారు. మద్రాసులో గోషా ఆసుపత్రి 1885లో వెలిసింది అందుకే. కాని ఆడ డాక్టరు ఉన్నా భయం పోదు. ఆసుపత్రి అంటే చావడానికి వెళ్లే చోటు అనుకునేవారు. ఒక కథ చెబుతారు. రఖ్మాబాయి చూలుతో ఉన్న మేకను తెప్పించి, ఆసుపత్రిలోనే ఈనేటట్లు చేసి, తల్లీ పిల్లా క్షేమంగా ఉండడం ఊరివాళ్లకు చూపించారట. ఎంత ఉపన్యాసం ఇచ్చినా ఆ మేక చేసిన పని చేయలేదు!

బాలింతలను చంపుతున్నది ఏమిటి? మాయ ఊడివచ్చాక గర్భసంచి లోపలి భాగం పచ్చిపుండులా ఉంటుంది. శుభ్రంగా లేని చేతులు, గుడ్డలు తగిలితే సూక్ష్మక్రిములు లోపలికి వెళతాయి. జ్వరం, పొత్తికడుపులో నొప్పి, దుర్వాసన కలిగిన స్రావం. ఇదే బాలింత జ్వరం. పురిటి మైల అనే నమ్మకం దీనికి తోడయ్యేది. మైల గది కదా అని మంచి గుడ్డలు ఇచ్చేవారు కాదు. కాయం తినిపించి ఓపిక తెప్పించవచ్చునేమో గాని, ఆ క్రిములను అది చంపలేదు. నిజానికి అప్పటి ఆసుపత్రుల్లోనూ వాటిని చంపే మందు లేదు. సల్ఫా మందులు 1930లలో గాని రాలేదు. అంటే రఖ్మాబాయి సూరత్‌లో పనిచేసిన కాలంలో డాక్టర్లకున్న ఆయుధాలు వేడినీళ్లు, సబ్బు, కార్బాలిక్ ద్రావణం. జ్వరం రాకుండా చూడగలిగితే తల్లి బతుకుతుంది, వచ్చాక చేయగలిగింది కొంచెమే. తల్లులు ముందుగానే ఆసుపత్రికి రావడం అంత ముఖ్యమైంది అందుకే. రక్తస్రావానికి, మన పల్లెల్లో గుర్రపువాతం అనే మూర్ఛలకు కూడా అదే మాట. ఆనాటి డాక్టర్లు ఆ మూర్ఛలను నల్లమందు నుంచి తీసిన మార్ఫిన్‌తో ఆపడానికి ప్రయత్నించేవారు. అది అన్నిసార్లూ ఆపలేకపోయింది.

పసిపిల్లలు తల్లులు కావడం గురించి చట్టమూ కొంత కదిలింది. రఖ్మాబాయి కేసు రేపిన చర్చ కూడా తోడై, 1891లో సమ్మతి వయస్సును 10 నుంచి 12 ఏళ్లకు పెంచారు. పెంచింది రెండేళ్లే, దానికే ఎంతో అల్లరి జరిగింది.

1904లో దాదాజీ చనిపోయాడని తెలిసి రఖ్మాబాయి వితంతువులాగా తెల్లచీర కట్టడం మొదలుపెట్టారు. జైలుకైనా వెళతాను గాని కాపురానికి వెళ్లనన్న మనిషి ఇలా ఎందుకు చేశారో చెప్పడం కష్టం. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

1918లో ప్రభుత్వ స్త్రీల వైద్య సర్వీసులో ఉద్యోగం ఇస్తామంటే కాదని, రాజ్‌కోట్‌లోని స్త్రీల ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ రెడ్‌క్రాస్ శాఖను నెలకొల్పారు. ఉద్యోగ విరమణ తరువాత బొంబాయి చేరి, ఘోషా పద్ధతి పోవాలని ఒక చిన్న పుస్తకం రాశారు. 1955 మేలో హిందూ వివాహ చట్టం వచ్చి పెళ్లికూతురికి కనీస వయస్సు 15 ఏళ్లని నిర్ణయించింది. ఆ సెప్టెంబరు 25న, 90 ఏళ్ల వయస్సులో, రఖ్మాబాయి కన్నుమూశారు.