సముద్రం అడుగు వెదికిన మహదేవన్ గారు

ప్రతి ఏడాదీ మా హాస్టల్ వార్షికోత్సవ సంచికలో అంబేద్కర్ గారి గురించో, ఫూలే దంపతుల గురించో, జాషువా గారి గురించో రాస్తుంటాము. ఈసారి ఒక భూగర్భ శాస్త్రవేత్త గురించి రాయాలనుకున్నాము. కర్నూలు, కడప పిల్లలకు సముద్రంతో ఏం పని అని మా గదిలోనే ఒకరిద్దరు నవ్వారు. నిజమే, మాలో చాలామంది చూసిన పెద్ద నీళ్లు కె.సి. కాలువే. కానీ మిత్రులారా, మనం వరండాలో కూర్చుని చదువుకునే కడప బండ సున్నపురాయి. కోట్ల ఏండ్ల కిందట ఇక్కడున్న సముద్రం అడుగున పేరుకున్నదే అలా రాయి అయింది.

ప్రొఫెసర్ సి. మహదేవన్ గారు 1901లో పుట్టారు. కలకత్తాలో సర్ సి.వి. రామన్ గారి తొలి శిష్యుల్లో ఒకరుగా ఎక్స్-కిరణాలతో పరిశోధనలు చేశారు. తర్వాత ప్రయోగశాల వదిలి, నిజాం రాజ్యపు భూగర్భ సర్వేలో చేరి ఎండలో రాళ్లు, గుట్టలు తిరిగారు. అక్కడినుంచి విశాఖపట్నం వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర శాఖను నడిపించారు.

1952లో యూజీన్ లఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఆ విశ్వవిద్యాలయానికి వచ్చారు. యాభై ఏండ్లు దాటిన మహదేవన్ గారు కొత్త విద్యార్థిలా ఆ పనిలో దిగారు. నౌకాదళం ఓడల సాయంతో తూర్పుతీరం అడుగు మట్టి తెప్పించి పరీక్షించారు. ఆ వ్యాసాలు 1954లో విశ్వవిద్యాలయం ప్రచురించిన సంపుటంలో వచ్చాయి.

కంటికి కనపడని అడుగును కొలిచేది చప్పుడుతోనే. ఎర్రమల కొండల్లో కేకేస్తే తిరిగి వినపడినట్టే, ఓడనుంచి పంపిన శబ్దం అడుగుకు తగిలి వెనక్కి వస్తుంది. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. పోయిరావడానికి 4 సెకన్లు పడితే లోతు 3000 మీటర్లు. వినడానికి సులువే. కానీ నిట్రంగా దిగిన లోయలో పక్కగోడకు తగిలిన శబ్దం ముందే వచ్చేస్తుంది, లోతు తక్కువగా కనపడుతుంది. సముద్రపు పటం గీసేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

తర్వాతి కాలంలో పక్కలకు శబ్దం పంపే సైడ్ స్కాన్ సోనార్ వచ్చింది. ఓడ వెనక తాడుకు కట్టి లాగే ఆ పరికరం అడుగును బొమ్మగా చూపిస్తుంది. రాయో, మునిగిన పడవో అడ్డం వస్తే దాని వెనక శబ్దం పడక నీడ ఏర్పడుతుంది. నీడను బట్టి చెట్టు ఎత్తు కట్టే లెక్క మనం పదో తరగతిలో చేసిందే, సరూప త్రిభుజాలు! పరికరం అడుగుకు 10 మీటర్ల పైన ఉండి, నీడ చివరిదాకా ఏటవాలు దూరం 50 మీటర్లు, అదే ఏటవాలున నీడ పొడవు 5 మీటర్లు అనుకోండి. 5ను 10తో హెచ్చించి 50తో భాగిస్తే ఆ వస్తువు ఎత్తు 1 మీటరు. అడుగు చదునుగా ఉంటేనే ఇది సరిగ్గా వస్తుంది. పల్లంలో పడితే నీడ సాగి, చిన్నరాయి కూడా పెద్దదై కనపడుతుంది. వలలు చినిగే జాలరికి, ఓడ నడిపేవాడికి ఆ తేడా చిన్నది కాదు.

మహదేవన్ గారు 1962లో కన్నుమూశారు. రెండేండ్ల తర్వాత, 1964లో, తూర్పుతీరం ఎదుట సముద్రం అడుగునున్న మూడు లోయల గురించి లఫాండ్ గారు వ్యాసం ప్రచురించారు. వాటి పేర్లు ఆంధ్ర, కృష్ణన్, మహదేవన్.