ఊరి మాటకంటె దేవుని మాట

ధ్యానభాగములు: అపొ. కార్యములు 5:17–32, మార్కు 1:40–45



యేసు నామమున బోధింపకూడదని మహాసభవారు గద్దించినను, అపొస్తలులు మనుష్యుల ఆజ్ఞను ప్రక్కనబెట్టి దేవుని ఆజ్ఞనే పట్టుకొనిరి. మనలను ఏ మహాసభయు పిలువదు. కాని నలుగురు ఏమనుకొందురో అను భయము మన గుమ్మములోనే కూర్చుండియుండును. ఆ భయమునకు లొంగని తల్లి యొకరు మన జిల్లాలోనే జీవించిరి.

బోధన్ చెరకు పొలముల నుండి నిజామాబాదు మీదుగా హైదరాబాదు పోవువారు డిచ్‌పల్లి దాటి పోవుదురు. అచ్చట కుష్ఠరోగుల ఆసుపత్రిని స్థాపించిన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారే ఆ తల్లి.

వారు 1875లో స్కాట్లండు దేశమున ఒక రైతు ఇంట జన్మించిరి. స్త్రీలు వైద్యము చదువుట అరుదైన ఆ దినములలో ఆబర్డీన్ విశ్వవిద్యాలయమున చదివి 1903లో పట్టము పొందిరి. ఆ యేడే జార్జి కెర్ దొరగారిని వివాహమాడిరి. 1907లో ఆ దంపతులు వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున నిజాము రాజ్యమునకు వచ్చి, నిజామాబాదులో సేవ చేయసాగిరి.

ఆ కాలమున కుష్ఠు సోకినవారి గతి మన పెద్దలు చెప్పగా వినియున్నాము. కన్నవారే ఇల్లు వెడలగొట్టుదురు. ఊరి బావి నీరు లేదు, సంతలో చోటు లేదు, బిచ్చమే దిక్కు. వారిని ముట్టకుండుటయే మర్యాద యని లోకము తలంచెను. కెర్ అమ్మగారు వారిని వదలి తక్కిన రోగులను మాత్రమే చూచుకొనినను తప్పుపట్టువారు ఉండరు. అయినను ప్రభువు చేయి చాపి ముట్టినవారిని ఆయన సేవకురాలు ముట్టకుండ ఎట్లుండగలదు?

1911లో నిజామాబాదులో కుష్ఠరోగులకు చిన్న ఆశ్రమము తెరువబడెను. త్వరలోనే చోటు చాలకపోయెను. అప్పుడు రాజా నర్సాగౌడు గారను హిందూ దాత ధనసహాయము చేయగా డిచ్‌పల్లిలో విశాలమైన ఆసుపత్రి వెలసెను. ఇది మనము మరువరాదు. దేవునికి లోబడుట యనగా ఊరివారిని తృణీకరించుట కాదు. ఒకరు ముందడుగు వేసినచో మంచి మనసుగలవారు ఊరిలోనుండియే తోడు వత్తురు.

తరువాత చాల్‌మూగ్రా జాతి గింజల నూనెను సూదితో ఎక్కించు చికిత్స వచ్చెను. అది నొప్పిగల మందు. నెలల తరబడి ఇయ్యవలెను. అమ్మగారు దానిని ఓర్పుతో డిచ్‌పల్లిలో జరిపించిరి. 1923లో ప్రభుత్వము వారికి కైసర్-ఇ-హింద్ పతకమిచ్చెను. 1932లో వారు ప్రభువునందు నిద్రించిరి.

నేడు కుష్ఠు పూర్తిగా కుదురును. 1982 నుండి అమలులోనున్న బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా దొరకును. మందు మొదలిడిన కొద్ది దినములకే అంటు ఆగిపోవును. వ్యాధి కుదిరినది గాని మన భయము కుదరలేదు.

ఇతరులను అననేల? మా తప్పిదమునే ఒప్పుకొందుము. ఈ వ్యాధి కుదిరిన ఒక సహోదరుడు మమ్మును తన ఇంట ప్రార్థనకు పిలిచెను. వెళ్లి ప్రార్థించితిమి. టీ ఇయ్యగా, సంఘములోనివారు ఏమనుకొందురోయని, ఉపవాసమని చెప్పి లేచితిమి. ఆ దినమున మాకు ఉపవాసము లేదు. ఆ రాత్రి మార్కు సువార్త తెరచుటకు చేయి రాలేదు. మరుసటి వారము మరల వెళ్లి, నిజము చెప్పి, అడిగి టీ త్రాగితిమి. ఆయన ఏమియు అనలేదు. గ్లాసులో మరికొంచెము పోసెను.

ప్రియులారా, ఎవరి ఇంట నీరు త్రాగుటకు మనము వెనుకాడుచున్నాము? పిల్ల పెండ్లి చెడునని ఏ ఇంట మచ్చను దాచుచున్నారు? స్పర్శ లేని మచ్చ కనబడినచో దాచక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండు. రాబోవు సంస్కారపు ఆదివారమున పాత్ర అందుకొనునప్పుడు, మనకు ముందు త్రాగినవారెవరో చూడక, ఆ పాత్రను మనకిచ్చిన ప్రభువునే చూతము. ఆమేన్.