గ్రంథరక్షకుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను

తాళపత్రము కాలక్రమమున నశించుట సహజము. అది నశింపకముందే అందలి పాఠమును వేరొక ఆధారమునకు చేర్చుటయే గ్రంథరక్షణ. ఈ తత్త్వము నెరిగి తెలుగు వాఙ్మయమును కాపాడిన వారిలో అగ్రగణ్యుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1817లో ఈస్టిండియా కంపెనీ కొలువునకై మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చెను. 1820లో కడపకు వచ్చెను. పిదప వేమన పద్యములచే ఆకృష్టుడై, ప్రతులు సేకరించి, 1829లో ఆంగ్లానువాదముతో ప్రకటించెను.

ఆనాడు పెక్కు కావ్యములు పురుగుల పాలగుచు, లేఖకదోషములతో నిండి యుండెను. బ్రౌను కడపలోని తన బంగళాలో పండితులను నియమించి స్వధనముతో వేతనము లిచ్చెను. ఋణగ్రస్తుడైనను పని మానలేదు. ఒక గ్రంథమునకు దొరకినన్ని ప్రతులు తెప్పించి, వానిని పోల్పించి, కాగితముపై శుద్ధప్రతి వ్రాయించి, పాఠభేదములను గుర్తింపించెను. జూలూరి అప్పయ్య మొదలగు విద్వాంసు లీ కార్యమునకు మూలస్తంభములు. వారి శ్రమ లేనిచో బ్రౌను సంకల్పము సిద్ధింపకుండెడిది.

సెలవుపై ఇంగ్లండున నున్నప్పుడు, లైడన్ సేకరించిన దక్షిణదేశ లిఖితప్రతులు లండను ఇండియా హౌసులో పడియుండుట గమనించి, వానిని మద్రాసునకు పంపించెను. తన సేకరణమును మద్రాసు లిటరరీ సొసైటీకి సమర్పించెను. అవి నేడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున కలవు. 1852లో తెలుగు–ఆంగ్ల నిఘంటువు వెలువడెను. 1855లో స్వదేశమునకు మరలి, లండనులో తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12న దివంగతుడయ్యెను.

నేడు గ్రంథములు కంప్యూటరునందు నిక్షిప్తమగుచున్నవి. అచటను ఆధారము నశ్వరమే: డిస్కు చెడును, దానిని చదువు సాఫ్ట్‌వేరు మూలబడును. అందుచే 1999 ప్రాంతమున స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ గ్రంథాలయమున ఆరంభమైన లాక్స్ అను వ్యవస్థ, పెక్కు గ్రంథాలయములలో ప్రతుల నుంచి, వానిని పరస్పరము పోల్చి, చెడిన దానిని సరియైన దానితో బాగుచేయును. బహుప్రతి సంరక్షణమున నిది బ్రౌను మార్గమునకు సన్నిహితము. కాని భేద మొకటి కలదు. యంత్రమునకు ప్రతుల మధ్య భేదము దోషము. బ్రౌను పండితులకు అది విచారింపదగిన సాక్ష్యము. ప్రతి చెడలేదని యంత్రము చెప్పగలదు. అందలి పాఠము సాధువా కాదా యని నిర్ణయించుటకు మాత్రము విద్వాంసుడే కావలెను. ఆ విద్వాంసుని పోషించుట కూడ గ్రంథరక్షణయే యని బ్రౌను జీవితము నిరూపించుచున్నది.