స్టీఫెన్ బటర్‌వర్త్

స్టీఫెన్ బటర్‌వర్త్ (ఆగస్టు 11, 1885 - అక్టోబరు 28, 1958) బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త. బటర్‌వర్త్ ఫిల్టరు రూపకర్తగా ప్రసిద్ధి చెందాడు. గుంటూరు ప్రాంతపు ఇంజనీరింగు కళాశాలలలో ఎలక్ట్రానిక్సు చదివే విద్యార్థులకు ఈ పేరు సిగ్నల్ ప్రాసెసింగు పాఠంలో ఎదురవుతుంది. కారులో ఆంప్లిఫయరు బిగించే మెకానిక్కుకు ఈ పేరు తెలియకపోవచ్చును కానీ, అతడు తిప్పే నాబుల వెనుక ఉన్నది తరచు ఈయన సూత్రమే.

బాల్యము, విద్య

ఇంగ్లాండులో మాంచెస్టరు నగరానికి ఉత్తరాన ఉన్న రోచ్‌డేల్ పట్టణంలో జన్మించాడు. పత్తి మిల్లులకూ, 1844లో మొదలైన సహకార సంఘానికీ పేరు పొందిన ఊరు అది. తండ్రి తపాలా బంట్రోతు. 1904లో మాంచెస్టరులో కళాశాల విద్యకు చేరి, 1907లో భౌతిక శాస్త్రంలో పట్టభద్రుడయ్యాడు. మరుసటి సంవత్సరం ఎమ్మెస్సీ పూర్తి చేశాడు.

ఉద్యోగము

మాంచెస్టరులోని సాంకేతిక కళాశాలలో 11 సంవత్సరాలు అధ్యాపకుడిగా పనిచేశాడు. ఆ కాలంలోనే, 1914లో, విద్యుత్తుతో నిలబెట్టే కంపనాలపై ఒక పత్రం ప్రచురించాడు. క్వార్ట్జ్ స్ఫటికాలను వివరించే బటర్‌వర్త్ - వాన్ డైక్ నమూనాకు అది ఆధారము. తరువాత నేషనల్ ఫిజికల్ లాబరేటరీలో కొంతకాలం ఉండి, 1921లో బ్రిటిష్ నౌకాదళపు అడ్మిరాల్టీ పరిశోధనాలయంలో చేరాడు. సముద్రగర్భ కేబుళ్ళ విద్యుదయస్కాంత క్షేత్రాలు, నీటి అడుగున పేలుళ్ళు, టార్పిడోల నిలకడ ఈయన పరిశీలించిన విషయాలలో కొన్ని. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అయస్కాంత మైన్ల గురించీ, వాటి బారిన పడకుండా ఓడల అయస్కాంతత్వాన్ని తొలగించే పద్ధతి గురించీ పరిశోధించాడు.  రక్షణ రహస్యాలు కావడం వలన ఈ కృషిలో చాలా భాగం అచ్చు కాలేదు. ఇంత పనిచేసినవాని పేరును సామాన్య పాఠకునికి నిలిపినది ఒక్క వ్యాసము.

ఫిల్టరు

ఆ వ్యాసం 1930 అక్టోబరులో ఒక వైర్‌లెస్ పత్రికలో వెలువడింది. అక్కరలేని పౌనఃపున్యాలను ఆపితే చాలదని, కావలసినవాటిని హెచ్చుతగ్గులు లేకుండా సమానంగా పంపాలని ఈయన ఉద్దేశము. ఒక్కొక్క దశకూ మధ్య వాల్వు ఆంప్లిఫయరును ఉంచి, ఒక దశ ప్రభావం మరొక దశపై పడకుండా చేశాడు. తీగ చుట్టిన చిన్న గొట్టంలోనే కండెన్సర్లనూ, రెసిస్టర్లనూ అమర్చి, ఊడదీసి మార్చగలిగే విధంగా తయారుచేశాడు. అయినప్పటికీ ఆనాటి ఇంజనీర్లు ఫిల్టర్లను వేరే పద్ధతిలో లెక్కించేవారు. సుమారు 30 సంవత్సరాలపాటు ఈ పద్ధతి అంతగా వాడుకలోకి రాలేదు.

కారు ఆడియోలో ఉపయోగము

కారు ఆంప్లిఫయరులోని లో పాస్ ఫిల్టరు సబ్ వూఫరుకు తక్కువ పౌనఃపున్యాలను, హై పాస్ ఫిల్టరు తలుపుల స్పీకర్లకు ఎక్కువ పౌనఃపున్యాలను పంపుతాయి. రెండింటినీ 80 హెర్ట్జ్ దగ్గర అమర్చారనుకుందాము. బటర్‌వర్త్ రకం అయితే సరిగ్గా 80 దగ్గర ఒక్కొక్క దాని శక్తి సగమే ఉంటుంది. ఫిల్టరు ఎంత నిటారుగా ఉన్నా ఈ సగం మారదు. దానికి రెట్టింపైన 160 హెర్ట్జ్ దగ్గర లో పాస్ శక్తి రెండవ తరగతి ఫిల్టరులో 17వ వంతుకు, నాలుగవ తరగతిలో 257వ వంతుకు పడిపోతుంది. నాబు దగ్గర 12 డెసిబెల్, 24 డెసిబెల్ అని వ్రాసి ఉండేది ఈ వాలు గురించే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. రెండవ తరగతి బటర్‌వర్త్ జతలో రెండు శబ్దాలూ పరస్పరం వ్యతిరేక దిశలో కదులుతాయి. కాబట్టి కలిసేచోట ఒకదానినొకటి రద్దు చేసుకొని, 80 హెర్ట్జ్ దగ్గర ధ్వని మాయమవుతుంది. ఖరీదైన స్పీకర్లు పెట్టినా బాస్ పలచగా వినిపించడానికి ఇది ఒక కారణము. ఒక స్పీకరు తీగలను తారుమారు చేస్తే రద్దు పోతుంది కానీ, అదే చోట ధ్వని 3 డెసిబెల్ పెరుగుతుంది. 1976లో హ్యూలెట్ ప్యాకర్డ్ ఇంజనీర్లు సిగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీ ఒకే రకమైన రెండు బటర్‌వర్త్ ఫిల్టర్లను వరుసగా కలిపి ఈ లోపాన్ని సరిదిద్దారు. లింక్‌విట్జ్ - రైలీ అని పిలిచే ఈ క్రాసోవరులో మొత్తం సమతలంగా వస్తుంది. 24 డెసిబెల్ రకంలో తీగలు తిప్పవలసిన అవసరం కూడా ఉండదు.

చివరి దశ

1942లో ఈయనకు బ్రిటిష్ ప్రభుత్వపు ఓ.బి.ఇ. పురస్కారం లభించింది. 1945లో పదవీ విరమణ చేశాడు. 1958లో ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని కౌస్‌లో తన 73వ యేట మరణించాడు. అప్పటికి ఈ ఫిల్టరు ఇంకా సర్వసాధారణం కాలేదు.