ఏడు ఖండాల శిఖరాలెక్కిన మల్లి మస్తాన్‌బాబు

మస్తాన్ అనగానే ముస్లిం పేరనుకుంటాం. నెల్లూరు వైపు హిందూ ఇళ్లల్లోనూ ఈ పేరు బాగానే వినిపిస్తుంది. మల్లి మస్తాన్‌బాబుది అలాంటి కుటుంబమే. 1974లో నెల్లూరు జిల్లా సంగం మండలం గాంధీజనసంఘంలో ఓ పేద ఇంట్లో పుట్టారు.

విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివేటప్పుడు అక్కడున్న ఒక విగ్రహం ఆయన మనసులో నాటుకుపోయింది. అది 1985లో ఎవరెస్ట్ యాత్రలో చనిపోయిన ఉదయ్ భాస్కరరావుది. ఆయనా అదే స్కూల్లో చదివినవారే. కొండలెక్కాలన్న పట్టుదల అక్కడే మొదలైంది. అలాగని చదువు వదల్లేదు. జంషెడ్‌పూర్‌లో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, కలకత్తా ఐఐఎంలో మేనేజ్‌మెంట్ చదివారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కూడా చేశారు.

2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరంతో మొదలుపెట్టారు. మే 21న ఎవరెస్ట్, జూలై 10న అలాస్కాలోని డెనాలీ. మొత్తం 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కేశారు. ఎవరెస్ట్ మీద మనిషికి అందే ఆక్సిజన్ కింద అందేదానిలో మూడో వంతే. జగ్గయ్యపేట, నందిగామ ఎండల్లో డాబా మెట్లెక్కితేనే మనకి ఆయాసం వస్తుంది!

2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ కనబడకుండా పోయారు. ఏప్రిల్ మొదట్లో మృతదేహం దొరికింది. అప్పటికి వయసు 40 ఏళ్లే. సొంతూళ్లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

పిల్లలు కొండలు, అంతరిక్షం అంటే ముందు చదువు చూసుకోమంటాం. మస్తాన్‌బాబు రెండూ చేసి చూపించారు. ప్రాణభయం ఉన్న మాట నిజమే. అందుకే పిల్లల ఆశను తుంచేయకుండా, మంచి శిక్షణ ఎక్కడ దొరుకుతుందో వెతకాల్సింది పెద్దవాళ్లమే.